‘లౌకిక పాఠశాల’ అనవచ్చునా?

సందేహం: పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రాన్సులో బడుల మీద చర్చి పెత్తనం ఎలా తొలగిందో చెప్పే వ్యాసమొకటి తెలుగు చేస్తున్నాను. అక్కడివారి ‘లాయిక్’ బడిని ‘లౌకిక పాఠశాల’ అన్నాను. లౌకికమంటే లౌక్యం స్ఫురిస్తుంది కాబట్టి ‘మతరహిత పాఠశాల’ అనమని మిత్రులు సూచిస్తున్నారు. ఏది సాధువు?
– ఒక పాఠకురాలు

సమాధానం: మీ మాటనే ఉంచండి. ‘మతరహిత’ మాత్రం వద్దు.

‘లాయిక్’కు మూలం జనమనే అర్థం గల ‘లావోస్’ అనే గ్రీకు పదం. చర్చి పరిభాషలో దీక్ష తీసుకుని మతాధికారంలోనో మఠంలోనో ఉన్నవారు ఒక వర్గమైతే, తక్కిన జనమంతా మరొక వర్గం. ఆ రెండో వర్గంవాడే లాయిక్. అతడు ఆదివారం ప్రార్థన తప్పని భక్తుడైనా కావచ్చు. కాబట్టి ఆ మాట పుట్టుకలో విశ్వాసం ఉందా లేదా అన్న ప్రశ్న లేదు. ఎవరు ఏ వర్గంవారన్నదే ఉంది.

మన ‘లోక’ శబ్దానికి అమరకోశం భువనమని, జనమని రెండర్థాలు చెప్పింది. పతంజలి మహాభాష్యం మొదట్లోనే శబ్దాలను లౌకికాలు, వైదికాలు అని విభజించాడు. అక్కడ లౌకికమంటే వేదానికి విరుద్ధమైనదని కాదు, జనవ్యవహారంలో ఉన్నదని. తెలుగునాట పౌరోహిత్యం వృత్తిగా గలవారిని వైదికులనీ, కరణీకం వంటి కొలువులు చేసేవారిని లౌక్యులనీ అన్నారు. లౌక్యులకు భక్తి లేదని ఎవరూ అనుకోలేదు. ఇంత చక్కని సంప్రదాయమున్న మాటను నేడు లౌక్యానికి, అంటే నేర్పుగా పని చక్కబెట్టుకోవడానికి మాత్రమే పరిమితం చేయడం, లేదా ‘సెక్యులర్’ను అలాగే దించుకుని లౌకిక, మతాతీత, మతరహిత పదాలను ఒకదాని బదులు మరొకటి వాడేయడం నాకు నచ్చదు. అయితే ధ్వని కలిసింది కదా అని లావోస్, లోక శబ్దాలను ఒకే ధాతువుకు ముడిపెట్టకండి. ‘లోక’కు చుట్టం వనమనే అర్థం గల లాటిన్ ‘లూకుస్’. ఇక్కడ కలిసినది అర్థమే, వంశం కాదు.

ఇప్పుడు మీ వ్యాసంలోని చట్టాలను ఈ అర్థంతో చదవండి. 1850 నాటి ఫలూ చట్టం ప్రకారం ఊరి బడిని మేయరుతోపాటు ఆ ఊరి మతగురువు కూడా పర్యవేక్షించేవాడు. పాఠం చెప్పే సన్యాసినికి ప్రభుత్వ పరీక్షాపత్రం అక్కరలేదు, పై మతాధికారి ఇచ్చిన ‘విధేయతా పత్రం’ చాలు. అదే పని చేసే మామూలు ఉపాధ్యాయురాలు మాత్రం పరీక్ష నెగ్గి తీరాలి. నాటి విద్యామంత్రి జూల్ ఫెర్రీ 1881లో ఆ వెసులుబాటును ఎత్తివేశాడు. 1882 మార్చి 28 నాటి చట్టం ‘నైతిక, మత బోధ’ ఉన్నచోట ‘నైతిక, పౌర బోధ’ను ప్రవేశపెట్టింది. ఆ చట్టమే ఆదివారం గాక వారానికి మరొక రోజు బడికి సెలవిచ్చి, తల్లిదండ్రులు కోరితే బడి ఆవరణ వెలుపల పిల్లలకు మతబోధ చేయించుకునే వీలు కల్పించింది. 1886లో ప్రభుత్వ బడుల్లో బోధన లాయిక్ సిబ్బందికే అప్పగించాలని మరో చట్టం వచ్చింది. మఠం నుంచి జనానికి అధికారం మారిన ఈ తీరును ‘లౌకిక’ చెప్పగలదు. ‘మతరహిత’ అంటే పిల్లలకు మతమే లేకుండా చేశారన్న భ్రమ కలుగుతుంది.

మీరు వాడిన ‘చర్చి’ అన్న మాటను భవనమనుకునే ప్రమాదం ఉన్నా, తెలుగు బైబిలులోని ‘సంఘము’ ఇక్కడ పొసగదు. అది విశ్వాసుల సమూహం, మీరు చెబుతున్నది పెత్తనం గల వ్యవస్థ.

ఐరోపా అంతటికీ ఈ మాటను సాగదీయవచ్చునా అంటే తటపటాయిస్తాను. నెదర్లాండ్స్‌లో 1917 నాటి రాజ్యాంగ సవరణ మతసంస్థల బడులకూ ప్రభుత్వ బడులతో సమానంగా నిధులు ఇప్పించింది. అక్కడ ‘ప్రభుత్వ పాఠశాల’, ‘మతసంస్థ పాఠశాల’ అంటే సరిపోతుందేమో. ఫ్రాన్సులోనే ఆల్సాస్, మోజెల్ ప్రాంతాలు ఆ చట్టాలు వచ్చేనాటికి జర్మనీ ఏలుబడిలో ఉండడంవల్ల, అక్కడి ప్రభుత్వ బడుల్లో మతబోధ నేటికీ ఉంది. మీ వ్యాసం ఆ ప్రాంతాలను ప్రస్తావిస్తే అక్కడి బడులకు ‘లౌకిక’ విశేషణం తగిలించకండి.