ఇడ్లీ ప్లేటు ఉండగా మూడు వేల కిట్ ఎందుకు తల్లీ?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా చిన్నపిల్లల ఆటల మీదే ఉన్నాయి. నాలుగు తీసుకున్నా, పేర్లు వేయట్లేదు, ఊర్లు మాత్రం వేస్తున్నా.

ప్రశ్న: అక్కా, మాది తిరుపతి కొర్లగుంట. పాపకి ఏడాదిన్నర. అద్దె పోర్షన్, రెండే రూములు, బయట వదిలేదానికి లేదు, వాకిట్లోనే బండ్లు. మా ఆడపడుచు వాళ్ళ పాపకి ఆన్‌లైన్‌లో మూడు వేలు పెట్టి డెవలప్‌మెంట్ కిట్ తెప్పించింది, నన్నూ కొనమంటా ఉంది, లేకుంటే బ్రెయిన్ సరిగ్గా ఎదగదంట. మా పాపేమో ఉన్న బొమ్మలే ముట్టదు, వంటింట్లోకి వచ్చి గిన్నెలన్నీ లాగేస్తాది, నేను సర్దేది అది లాగేది, పొద్దంతా ఇదే పని. అన్నం తినాలంటే ఫోన్ పెట్టాల్సిందే. ఏం చేసేది?

జవాబు: ఆ లాగేదే ఆట తల్లీ. ఏడాదిన్నర పిల్లలకి లోపల వేసేది, బయటికి తీసేది, మళ్ళీ వేసేది, ఇంతకి మించిన సంబరం ఉండదు. ఆ కిట్ విప్పి చూడు, చెక్క డబ్బా, దానికో బొక్క, అందులో వేసే బంతి, దాదాపు ఇదే ఉంటాది. మీ పాప అదే పని నీ గిన్నెలతో ఫ్రీగా చేసుకుంటా ఉంది.

స్టవ్‌కి దూరంగా ఉండే కింది అర ఒకటి పాపకి రాసిచ్చేయ్. మూడు సైజుల స్టీల్ డబ్బాలు మూతలతో సహా, ఇడ్లీ ప్లేటు, చెక్క గరిటె, జల్లెడ, అంతే. గాజువి, కత్తులు, పప్పుల డబ్బాలు పైకి పోవాలి. మూడు మూతలూ కలిపేసి ముందర పెట్టి ఊరికే కూర్చో. పెద్ద మూత తెచ్చి చిన్న డబ్బా మీద పెడుతుంది, జారిపోతుంది, తిప్పి పెడుతుంది, నోట్లో పెట్టుకుని చూస్తుంది, చివరికి ఇంకో మూత తీసి నొక్కితే టక్కుమని పడుతుంది, వెంటనే నీ మొహంలోకి చూస్తుంది. అప్పుడు "పట్టేసిందే మూత!" అంటే చాలు. ఆ మధ్యలో మాత్రం చెయ్యి పెట్టొద్దు, "అట్లా కాదు ఇట్లా" అని మనమే మూత పెట్టేస్తాం చూడు, పిల్ల అక్కడే వదిలేసి లేచిపోతుంది. ఇడ్లీ గుంటకి ఒక్కో నిమ్మకాయ పెట్టేది, తీసేది ఇంకో ఆట. వెడల్పు బేసిన్‌లో రెండు వేళ్ళ లోతు నీళ్ళు పోసి గ్లాసూ జల్లెడా ఇస్తే గ్లాసులో ఆగే నీళ్ళు జల్లెడలో ఎందుకు ఆగట్లేదో తేల్చుకునేదాకా కదలదు. నువ్వు పక్కనే ఉండాలి, ఫోన్ వచ్చినా లేవొద్దు, కాసిన్ని నీళ్ళున్న బకెట్‌లో తలకిందులుగా పడినా ఈ వయసు పిల్లలు లేవలేరు, అందుకే ఆట అయిపోగానే పారబోసెయ్.

ఇంకో సంగతి కోపంగానే చెప్తా. చెనిక్కాయ పప్పులు, చింతగింజలు, పూసలు పిల్లల చేత ఏరించే ఆటలు వీడియోల్లో తెగ చూపిస్తా ఉంటారు, ఏడాదిన్నర బిడ్డకి అవి వద్దే వద్దు. మన చిత్తూరు ఇళ్ళల్లో చెనిక్కాయలు ఎప్పుడూ ఎక్కడో ఒక చోట రాలే ఉంటాయి, నవ్వుతానో ఏడుస్తానో ఒక పప్పు లోపలికి పీల్చుకుంటే నేరుగా ఊపిరి గొట్టంలోకి పోతుంది. మూడు సెంటీమీటర్ల వెడల్పు గొట్టంలో దూరిపోయే వస్తువు ఏదైనా మూడేళ్ళ లోపు పిల్లల చేతికి ఇవ్వకూడదు, చెనిక్కాయ పప్పు తినేదానికైతే అయిదేళ్ళు దాటేదాకా పొడి చేసి ఇవ్వడమే మేలు. పాటలు పాడే బొమ్మల్లో, రిమోట్‌లలో ఉండే బిళ్ళ బ్యాటరీ ఇంకా ఘోరం, గొంతు కింద ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహికని కాల్చేయగలదు, మింగిందని అనుమానం వచ్చినా ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే, చూద్దాంలే అనుకునేది కాదు.

అన్నం దగ్గర ఫోన్ సంగతంటావా, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది, రెండేళ్ళలోపు పిల్లలకి స్క్రీన్ అక్కర్లేదు, ఆ తర్వాత అయిదేళ్ళదాకా రోజుకి గంట మించొద్దు అని. ఒక్కరోజులో మానదు, తెలుసు. ముందు ఒక పూట అన్నం దగ్గర ఫోన్ మాన్పించు, గిన్నెలో నాలుగు మెతుకులు పాప చేతికే ఇచ్చెయ్, సగం కిందే పోస్తాది, పోయనీ.

ప్రశ్న: మేడమ్, మా బాబుకి తొమ్మిది నెలలు, పాకుతా ఉన్నాడు. వాకర్‌లో కూర్చోబెడితే త్వరగా నడుస్తాడని అందరూ అంటా ఉన్నారు. కొనొచ్చా? – పుత్తూరు

జవాబు: కూర్చోబెట్టే చక్రాల వాకర్ వద్దు. దాంతో నడక త్వరగా రాదు, పిల్లోడు మునివేళ్ళతో తోసుకుని పోతాడు గానీ పాదం ఆనించి నిలబడేది అలవాటు కాదు. పైగా ఒక్క ఊపుతో మెట్ల దగ్గరికో వేడి సాంబారు దగ్గరికో చేరిపోతాడు. కెనడాలో 2004 నుంచి దాన్ని అమ్మేదే నిషేధం. చాప పరిచి వదిలేయండి, మంచం పక్కనో గోడ వారనో ఇష్టమైన వస్తువు పెడితే పట్టుకుని వాడే లేస్తాడు. ఏమీ పట్టుకోకుండా నిలబడేది వచ్చాక మన పాతకాలం మూడు చక్రాల చెక్క బండి కొనుక్కోండి, అది తోసుకుంటా పోయేది కాబట్టి బరువు వాడి కాళ్ళ మీదే ఉంటుంది, మీరు వెనకాల ఉంటే చాలు.

ప్రశ్న: అక్కా, మాది నగరి. బాబుకి రెండున్నర ఏళ్ళు. అమ్మ, అత్త, తాత ఇట్లా పది పన్నెండు మాటలే వస్తాయి. మా అత్త అరవంలో మాట్లాడతాది, నేను తెలుగు, ఆయనేమో ఇంగ్లీషులోనే మాట్లాడమంటాడు. రెండు మూడు భాషలు కలిపినందుకే లేటు అయిందంటా ఉన్నారు. మగపిల్లోడు కదా మూడేళ్ళకి వచ్చేస్తాయిలే అని ఇంకొందరు. మాటలు వచ్చే ఆటలేమన్నా ఉంటే చెప్పండి.

జవాబు: ఆటలు చెప్తా గానీ ముందు డాక్టర్ దగ్గరికి పోండి. రెండేళ్ళకే "పాలు తా", "అమ్మా దా" అని రెండు మాటలు కలపాలి, రెండున్నరకి యాభై దాకా మాటలు ఉండాలి. మగపిల్లోడని ఆగేది మంచిది కాదు. పిల్లల డాక్టర్‌కి చూపించి చెవి టెస్ట్ తప్పకుండా చేయించండి, వెనక తలుపు చప్పుడుకి తిరిగి చూస్తాడు కదా అని ఊరుకోవద్దు, కొన్ని శబ్దాలు వినపడి కొన్ని వినపడకపోవడం కూడా ఉంటుంది. పేరు పెట్టి పిలిస్తే చూస్తున్నాడా, కావాల్సింది వేలు పెట్టి చూపిస్తున్నాడా, ఇంతకుముందు వచ్చిన మాటలు పోయాయా, ఈ మూడూ గమనించి డాక్టర్‌కి చెప్పండి. ఖర్చుకి భయపడొద్దు, 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీ పిల్లల్ని ఏడాదికి రెండుసార్లు డాక్టర్ల టీమ్ చూడాలి, అవసరమైతే జిల్లా స్థాయి సెంటర్‌కి పంపిస్తారు, ఫ్రీ. మీ అంగన్‌వాడీ టీచర్‌ని అడగండి, టీమ్ వచ్చేదాకా ఆగకుండా మీరే పోయినా తప్పులేదు.

అరవం తెలుగు కలిసినందుకు మాటలు ఆలస్యం కావు. అట్లైతే నగరిలో సగం మందికి మాటలు రాకూడదు! మీ అత్తగారిని అరవంలోనే మాట్లాడనీయండి, మీరు తెలుగులో మాట్లాడండి, మీ ఆయనకి కూడా నోట్లోంచి సులభంగా వచ్చే భాష ఏదో అందులోనే కబుర్లు చెప్పమనండి, టీవీ రైమ్స్ కంటే అదే పని చేస్తుంది.

ఆటకి వస్తే, బొరుగుల డబ్బా మూత గట్టిగా బిగించి వాడి చేతికివ్వండి. తీయలేక మీకే తెచ్చిస్తాడు. వెంటనే తీసేయకుండా వాడి మొహం చూస్తా మనసులో పది లెక్కపెట్టుకోండి, అంతసేపు ఊరుకునేది మీకే కష్టంగా ఉంటుంది. "తీ" అన్నా, "ఊ" అన్నా, చెయ్యి చూపినా సరే, "తీయాలా? తీస్తున్నా!" అని మూత తీసి నాలుగు బొరుగులు ఇచ్చి మళ్ళీ మూసెయ్యండి. నాలుగైదు సార్లకి ఆపేయండి, ఏడిపించేదాకా లాగొద్దు. "ఇదేంటి చెప్పు, అదేంటి చెప్పు" అని పరీక్ష పెట్టేది మాత్రం ఇంట్లో అందరూ మానేయాలి.

ప్రశ్న: అమ్మా నమస్కారం. పలమనేరు నుంచి రాస్తా ఉన్నా. కూతురూ అల్లుడూ బెంగళూరులో ఉద్యోగం, నాలుగేళ్ళ మనవడు, ఏడాది మనవరాలు మా దగ్గరే ఉంటారు. వాడు ఎల్‌కేజీ. స్కూల్లో ఏబీసీడీలు పేజీలు పేజీలు రాయమంటారు, పెన్సిల్ పట్టుకుంటే చెయ్యి నొప్పి అని ఏడుస్తాడు. నాకు మోకాళ్ళ నొప్పులు, పరిగెత్తించి ఆడించలేను. కూర్చుని ఆడించేవి చెప్పమ్మా.

జవాబు: నమస్కారం పెద్దాయనా. వాడు చెప్పేది నిజమే, నాలుగేళ్ళకి వేళ్ళల్లో అంత బలం ఉండదు. 2020 జాతీయ విద్యా విధానంలోనే మూడు నుంచి ఎనిమిదేళ్ళ దాకా చదువంతా ఆటపాటల్తో సాగాలని రాసి ఉంది, స్కూలుకి పోయినప్పుడు టీచర్‌తో ఈ మాట నిదానంగా చెప్పి చూడండి.

వేళ్ళకి బలం కావాలంటే మీ ఊళ్ళో చలికాలం దొరికే అనపకాయల్ని మించింది లేదు. కాయలు వలిచి గింజలు రాత్రి నానబెట్టి పొద్దున పితికిపప్పుకి కూర్చున్నప్పుడు వాడినీ కూర్చోబెట్టుకోండి. గింజని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే పప్పు తుళ్ళి పడుతుంది, పెన్సిల్ పట్టుకునేదానికి కావాల్సిన పట్టు అదే, వాడికేమో పప్పు ఎంత దూరం ఎగిరిందన్నదే లెక్క. సీజన్ కానప్పుడు కరివేపాకు దూయించండి, చపాతీ పిండి ముద్ద ఇవ్వండి, బట్టల క్లిప్పులు తీగకి పెట్టించండి.

లెక్కలకి వామనగుంటలు చాలు. చెక్క లేకపోతే నేల మీద సుద్దతో ఏడేసి చొప్పున రెండు వరసల గుండ్రాలు గీయండి. మొదట్లోనే గెలుపోటములు వద్దు, గుంటకొక గింజ వేసుకుంటా పోవడమే ఆట. తొందరలో ఒక గుంటలో రెండు వేస్తాడు, ఒకటి దాటేస్తాడు, నోరు మాత్రం ఒకటి రెండు మూడు అని ముందే పోయి ఉంటుంది. గింజ పడినప్పుడే అంకె అనడం వచ్చిందంటే లెక్కపెట్టేది వచ్చినట్టే, నూరు దాకా అప్పజెప్పే పిల్లల్లో చాలామందికి ఇది రాదు. మీరు గింజ వేస్తే వాడు అంకె చెప్పాలి, తర్వాత మార్చుకోండి.

సాయంత్రం మాత్రం పరిగెత్తాలి, ఈ వయసుకి రోజంతా కలిపి మూడు గంటలు ఒళ్ళు కదలాలి. మీరు అరుగు మీద కూర్చుని పెద్ద బంతి విసరండి, వాడే పోయి తెచ్చుకుంటాడు. ఆట అయ్యాక చింతగింజలు వాడి చేతే లెక్కపెట్టించి డబ్బాలో వేయించి అటక మీద పెట్టేయండి, ఇంట్లో ఏడాది పిల్ల కూడా ఉందన్నారు కదా.