ఆయిల్ కారేది ఒకచోట, చుక్క పడేది ఇంకోచోట

వానాకాలం వెళ్లగానే పాత జిప్సీలు, జీపుల గురించి ఉత్తరాలు పెరుగుతాయి. బురదలో, వాగుల్లో తిరిగొచ్చిన బండి ఇంటి ముందు నిలబడగానే కింద నల్లటి మరక కనబడుతుంది, యజమానికి టెన్షన్ మొదలవుతుంది. ఈసారి అలాంటి ఉత్తరాలే ఏరి జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: సార్, నాది 1998 మోడల్ జిప్సీ కింగ్. ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట కింద ఆయిల్ చుక్కలు పడుతున్నాయి. పొద్దున్నే చూస్తే అరచేయంత మరక. షెడ్డులో చూపిస్తే క్రాంక్ వెనక సీల్ పోయింది, గేర్‌బాక్స్ దించాలి అన్నారు. దించక తప్పదా? – హనుమకొండ

జవాబు: ఇప్పుడే దించొద్దు. ముందు ఆ ఆయిల్ ఎక్కడి నుంచి వస్తుందో తేలాలి. ఆయిల్ పైనుంచి కిందికి జారుతుంది, బండి నడిచేటప్పుడు గాలికి వెనక్కి పాకుతుంది, చివరికి ఏ అంచు దొరికితే అక్కడ చుక్కగా పడుతుంది. కాబట్టి చుక్క పడ్డ చోటును చూసి సీల్ పేరు చెప్పడం తొందరపాటే. మీ బండిలో ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ ఇంజిన్ హెడ్డు వెనక భాగంలో ఉంటుంది. దాని రబ్బరు రింగు గట్టిపడినా, హెడ్డు మీది ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ వెనక మూలన పగిలినా ఆయిల్ ఇంజిన్ వీపు మీదుగా జారి సరిగ్గా మీరు చెప్పిన చోటుకే వస్తుంది, చూస్తే అచ్చం క్రాంక్ షాఫ్ట్ వెనక చివర ఆయిల్‌ను ఆపే ఆ క్రాంక్ సీల్ పోయినట్టే ఉంటుంది. ఒకటి తక్కువ ఖర్చుతో గంటలో అయ్యే పని, ఇంకోటి గేర్‌బాక్స్ దించే పని. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

పద్ధతి ఇది. ఇంజిన్ చల్లబడ్డాక డీజిల్, పాత బ్రష్ తీసుకుని ఇంజిన్ వెనక భాగం, కింది ఆయిల్ చాంబర్ అంచులు, గేర్‌బాక్స్ ముందు భాగం మొత్తం కడగండి. డిస్ట్రిబ్యూటర్, వైర్ల మీద నీళ్లు కొట్టొద్దు. గుడ్డతో బాగా తుడిచి ఆరనివ్వండి, డీజిల్ తడి మిగిలితే అదే లీకేజీ అనుకునే ప్రమాదం ఉంది. ఆరిన తర్వాత అనుమానం ఉన్న చోట్ల టాల్కం పౌడర్ పలచగా చల్లి, కాజీపేట దాకా వెళ్లి వచ్చి, టార్చి వేసి చూడండి. పౌడర్ మీద తడి చార ఏ చోట అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు మొదలైందో లీకేజీ అక్కడే. మొదటిసారి ఏమీ కనబడకపోతే ఇంకో రోజు నడిపి మళ్లీ చూడండి. రాత్రిపూట కింద అట్టముక్క పరిస్తే చుక్కలు ఎన్ని పడుతున్నాయో, ఏ రంగులో ఉన్నాయో కూడా తెలుస్తుంది.

ఆ ఆయిల్‌ను వేలికి అంటించుకుని వాసన చూడటం కూడా పనికొస్తుంది. గేర్ ఆయిల్‌కు గంధకం కలిసిన ఘాటు వాసన ఉంటుంది, చిక్కగా ఉంటుంది. ఇంజిన్ ఆయిల్‌కు ఆ ఘాటు ఉండదు, వాడేకొద్దీ నల్లబడుతుంది. గేర్ ఆయిలే అయితే తప్పు ఇంజిన్‌ది కాదు, గేర్‌బాక్స్ ముందు షాఫ్ట్ సీల్‌ది. పై భాగమంతా పొడిగా ఉండి, క్లచ్‌ను కప్పే బెల్ హౌసింగ్ లోపలి నుంచే ఇంజిన్ ఆయిల్ వస్తుంటే అప్పుడు క్రాంక్ సీల్ మాట నిజం. దానితోపాటు క్లచ్ జారుతుంటే ఆలస్యం చేయొద్దు, ప్లేటుకు ఆయిల్ తగిలి ఉంటుంది. ఎలాగూ దించారు కాబట్టి క్రాంక్ సీల్, గేర్‌బాక్స్ ముందు సీల్, క్లచ్ బేరింగ్ మూడూ ఒకేసారి చూపించుకోండి, మళ్లీ అదే కూలి ఎందుకు కట్టాలి?

ఇంకో మాట. ఇంజిన్ లోపలి గ్యాసు బయటికి పోయే పీసీవీ వాల్వు, దాని పైపు మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి కొత్త సీల్ కూడా కారుతుంది. సీల్ మార్చిన కొన్నాళ్లకే మళ్లీ కారిందని చాలామంది రాస్తారు, అప్పుడు సీల్‌ను తిట్టే ముందు ఆ పైపు ఊడదీసి చూడాలి.

ప్రశ్న: అన్నా, మాది తాడ్వాయి దగ్గర. జిప్సీతో వాగులు దాటుతూనే ఉంటాం. గేర్‌బాక్స్, హౌసింగ్‌ల ఆయిల్ ఎప్పుడు మార్చాలి, ఏది పోయాలి, ఎంత పోయాలి? ఇంటి దగ్గర మేమే మార్చుకోవచ్చా? – ములుగు జిల్లా

జవాబు: తప్పకుండా మార్చుకోవచ్చు, మీలాంటివాళ్లు నేర్చుకోవాల్సిన మొదటి పని ఇదే. కిలోమీటర్ల లెక్క తారు రోడ్డు మీద తిరిగే బండికి. మీరు ఇరుసు మునిగేంత నీళ్లలో దిగిన ప్రతిసారీ ఆ వారంలోనే ఆయిల్ చూసుకోవాలి. ఎందుకంటే నడిచి వేడెక్కిన హౌసింగ్ (ఇరుసు మధ్య గేర్లుండే పెట్టె) చల్లటి నీళ్లలో దిగగానే లోపలి గాలి కుంచించుకుపోయి, సీల్ అంచుల నుంచి, గాలి ఆడే బ్రీదర్ నుంచి నీళ్లను లోపలికి లాగుతుంది. నీళ్లు కలిసిన ఆయిల్ పాలు కలిపిన టీలా మారుతుంది. అది కనబడితే అదే రోజు తీసేయండి, బేరింగులకు తుప్పు పట్టడానికి ఎన్నో రోజులు పట్టదు. 2023 జూలై చివర్లో మీ జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజే సుమారు 650 మిల్లీమీటర్ల వాన పడింది కదా, అలాంటి వరదలో రాత్రంతా నిలిచిన బండి అయితే పైకి ఎంత బాగా కనబడినా గేర్‌బాక్స్, ముందు వెనక ఇరుసులకు బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు, రెండు హౌసింగులు, నాలుగూ ఖాళీ చేసి కొత్త ఆయిల్ పోసి, కొంత దూరం నడిపి ఇంకోసారి మార్చాల్సిందే. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు కూడా ముందు హౌసింగ్ బిరడా విప్పించి చూడండి.

పోసే కొలతలు చెబుతాను. జిప్సీకి గేర్‌బాక్స్‌లో సుమారు 1.3 లీటర్లు, ట్రాన్స్‌ఫర్ కేసులో 0.8, ముందు హౌసింగ్‌లో 2, వెనక దాంట్లో 1.5 లీటర్లు పడుతుంది. ఆరు లీటర్లు తెచ్చుకుంటే సరిపోతుంది. అయితే చివరి మాట కొలత డబ్బాది కాదు, పక్కనున్న పోసే రంధ్రానిది. బండి సమంగా నిలబడి ఉన్నప్పుడు ఆయిల్ ఆ రంధ్రం కింది అంచు దాకా వచ్చి పొర్లబోతుంటే నిండినట్టు. ముందు చక్రాలు మాత్రమే లేపి పోస్తే లెక్క తప్పుతుంది.

ఏ ఆయిల్ అన్నది జాగ్రత్తగా వినండి. డబ్బా మీద జీఎల్ పక్కనున్న అంకె గేర్ ఆయిల్ రకాన్ని, 80డబ్ల్యు90 లాంటిది చిక్కదనాన్ని చెబుతుంది. హౌసింగ్‌లో క్రౌన్, పినియన్ పళ్లు ఒకదాని మీద ఒకటి రాసుకుంటూ జారతాయి, ఆ ఒత్తిడికి జీఎల్-5 రకం 80డబ్ల్యు90 హైపాయిడ్ ఆయిలే ఆగుతుంది. గేర్‌బాక్స్ సంగతి వేరు. అందులో గేర్లు పడటానికి ఇత్తడి రింగులు ఉంటాయి, అవి గట్టిగా పట్టుకుంటేనే గేరు నున్నగా పడుతుంది. జీఎల్-5లో ఎక్కువగా ఉండే గంధకం, భాస్వరం రసాయనాలు కొన్ని ఆ ఇత్తడిని తింటాయి, పైగా రింగు పట్టు తగ్గుతుంది. గేర్‌బాక్స్‌కు చేతిపుస్తకంలో జీఎల్-4 అని ఉంటే అదే పోయండి. అన్నిటికీ ఒకటే డబ్బా సరిపోతుందని దుకాణంలో చెబితే ఒప్పుకోవద్దు, డబ్బా వెనక రాసింది చదివి కొనండి.

ఇక మార్చే పని. బండిని కొంత దూరం నడిపి రండి, వెచ్చటి ఆయిల్ మడ్డితో సహా దిగుతుంది. చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. జాకీని నమ్మి కిందికి దూరొద్దు, ఇటుకల మీద నిలబెట్టడం ఇంకా ప్రమాదం, ఉక్కు స్టాండ్లు కొనుక్కోండి లేదా షెడ్డులో గుంత మీద పెట్టించండి. దిగే బిరడా ముట్టుకునే ముందు పోసే బిరడా విప్పండి. ఈ ఒక్క మాట మరిచిపోవద్దు. కింద ఖాళీ చేసేశాక పైబిరడా తుప్పుపట్టి కదలకపోతే ఆయిల్ లేని బండితో ఊళ్లోనే ఇరుక్కుపోతారు. మొండికేస్తే తుప్పు వదిలే నూనె పోసి రాత్రంతా వదిలేయండి, పళ్లరిగిన పానాతో మాత్రం తిప్పొద్దు, బిరడా గుండ్రంగా అయిపోతుంది.

దిగిన ఆయిల్‌ను వెలుతురులో పెట్టి, దానిలో అయస్కాంతం తిప్పి చూడండి. దానికి అంటుకునే మెత్తటి బూడిదరంగు ముద్ద అరుగుదలే, భయం లేదు. పొలుసుల్లాంటి ముక్కలు, పంటి పెచ్చులు వస్తే లోపల ఏదో విరిగింది, కొత్త ఆయిల్ పోసి మూసేయొద్దు. ఇసుక ఉంటే నీళ్లు లోపలికి వస్తున్నట్టే. బిరడాకు కొత్త వాషర్ వేసి, బలం కొద్దీ కాకుండా సరిపడా బిగించండి. తీసిన పాత ఆయిల్ వాగులో, పొలం గట్టు మీద పారబోయొద్దు, డబ్బాలో పట్టి షెడ్డుకు ఇవ్వండి, వాళ్ల దగ్గర కొనేవాళ్లు ఉంటారు.

చివరగా హౌసింగ్ పైన బ్రీదర్ అని చిన్న బుడిపె ఉంటుంది, బురద కట్టి ఎవరి కంటా పడదు. అది మూసుకుపోతే వేడికి పెరిగిన గాలి సీళ్ల నుంచి ఆయిల్‌ను బయటికి తోస్తుంది. రెండు మూడు సీళ్లు ఒకేసారి కారుతున్నాయంటే ముందు బ్రీదరే చూడాలి. మీరు వాగులు దాటే మనుషులు కాబట్టి దానికి రబ్బరు పైపు తగిలించి ఇంజిన్ గదిలో పైకి కట్టించుకోండి.

ప్రశ్న: జిప్సీ ముందు చక్రం లోపలివైపు నల్లటి నీళ్లలాంటి గ్రీజు కారి టైరుకు అంటుతోంది. వెనక రబ్బరు సీల్ మార్చినా ఆగలేదు. – జగిత్యాల

జవాబు: గ్రీజు నీళ్లలా ఉండదు కదా, అలా పలచబడిందంటే అందులో గేర్ ఆయిల్ కలుస్తోంది. జిప్సీ ముందు ఇరుసు చివర గుండ్రటి గుండు ఉంటుంది, లోపలి జాయింటు గ్రీజులో తిరుగుతుంది. హౌసింగ్ ఆయిల్ అక్కడికి రాకుండా ఆపేది ఇరుసు లోపలి సీల్. పోయింది అది. మీరు మార్చింది బయటి తుడుపు సీల్, అది ఆయిల్‌ను ఆపలేదు. లోపలి సీల్ మార్చాలంటే చక్రం, గుండు విప్పాలి, కాబట్టి అదే చేత్తో పైకింద బేరింగులు చూపించండి. చక్రాన్ని పైన, కింద పట్టుకుని ఊపితే ఆడుతుందా? ఆడితే బేరింగులు మార్చకుండా సీల్ వేయడం దండగ, షాఫ్ట్ ఊగి మళ్లీ పాడవుతుంది. గుండు మీద తుప్పు గుంటలుంటే సన్నటి ఎమరీ కాగితంతో నునుపు చేయించండి. ముందు హౌసింగ్‌లో ఆయిల్ ఎంత మిగిలిందో ఈ రోజే చూడండి, రెండు లీటర్లలో సగం టైరుకే పోయి ఉండొచ్చు.

ప్రశ్న: ఫోర్ వీల్ వేసి తారు రోడ్డు మీద మలుపు తిప్పితే బండి బిగుసుకుపోతోంది, లీవర్ వెనక్కి రాదు. ఆయిల్ చిక్కబడిందా? – భూపాలపల్లి

జవాబు: ఆయిల్‌ది కాదు. ఫోర్ వీల్ పడితే ముందు వెనక షాఫ్ట్‌లు ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, తారు మీద టైరు జారదు కాబట్టి ఆ మెలి అంతా గేర్ల మీద పడుతుంది. నేరుగా కొంచెం వెనక్కి నడిపితే లీవర్ వచ్చేస్తుంది. ఫోర్ వీల్ బురదలో, ఇసుకలో మాత్రమే వాడండి, నాలుగు టైర్లూ ఒకే సైజు ఉంచండి.

ప్రశ్న: పాత మహీంద్రా జీపు. గేర్‌బాక్స్‌లో ఆయిల్ తగ్గుతోంది కానీ ఆ చుట్టుపక్కల తడి లేదు. హ్యాండ్‌బ్రేక్ కూడా పట్టడం లేదు. రెండూ వేరు వేరు రోగాలా? – మహబూబాబాద్

జవాబు: ఒకటే అయ్యుండొచ్చు. ఈ జీపుల్లో గేర్‌బాక్స్ వీపుకే ట్రాన్స్‌ఫర్ కేసు బిగించి ఉంటుంది. మధ్య సీల్ అరిగితే ఇక్కడి ఆయిల్ అక్కడికి పోతుంది, బయట చుక్క కూడా పడదు. ట్రాన్స్‌ఫర్ కేసు పోసే బిరడా విప్పండి. పొర్లి కారితే సంగతి తేలినట్టే. కేసు అతిగా నిండితే వెనక షాఫ్ట్ సీల్ దగ్గర బయటికి వస్తుంది, హ్యాండ్‌బ్రేక్ డ్రమ్ము అక్కడే ఉంటే లైనింగు తడిసి పట్టు పోతుంది. ఆయిల్ పీల్చిన లైనింగు కడిగినా నిలబడదు, కొత్తది వేయించండి. మధ్య సీల్, వెనక సీల్ రెండూ మార్చాకే లైనింగు ముట్టుకోవాలి, ముందే వేస్తే అదీ తడుస్తుంది. ఆ పని అయ్యేదాకా వారానికోసారి రెండు బిరడాలూ విప్పి ఎక్కువైన చోట తీసి తక్కువైన చోట కొత్తది పోయండి, గేర్‌బాక్స్ ఎండిపోనివ్వొద్దు. దిగుడు మీద బండి ఆపితే గేరులో ఉంచి, చక్రానికి రాయి పెట్టండి.