మాండలిన్ సరిగ్గా పలకాలంటే ముందు కుడిచెయ్యి చూసుకోండి

ప్రశ్న: సార్, కొన్నేళ్ళు కర్ణాటక పద్ధతిలో ఎలక్ట్రిక్ మాండలిన్ నేర్చుకున్నాను. ఈమధ్య అమెరికా వాళ్ళ బ్లూగ్రాస్ సంగీతం పిచ్చి పట్టుకుని ఎనిమిది తీగల అకూస్టిక్ మాండలిన్ కొన్నాను. ఎంత గట్టిగా మీటినా టింగుటింగుమని సన్నగానే వస్తోంది, స్వరం కంటే పిక్ (తీగలు మీటే బిళ్ళ) చప్పుడే ఎక్కువ. స్పీడ్ పెంచితే ముంజేయి బిగుసుకుపోతోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: "ఎంత గట్టిగా మీటినా" అన్నారు చూడండి, తిప్పలన్నీ అక్కడే మొదలయ్యాయి. మీరు నేర్చుకున్నదీ ఇప్పుడు కొన్నదీ పేరుకి ఒకటే గానీ చేతికి రెండూ వేరు. మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు (1969–2014) జంట తీగలు వదిలేసి ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ వాయిద్యం మీద గమకాలు పలికించారు, మీరూ ఆ దారిలోనే నేర్చుకుని ఉంటారు. అందులో పిక్ అలా తగిలితే చాలు, మిగతాది ఎడమచెయ్యీ ఆంప్లిఫైయరూ చూసుకుంటాయి. అకూస్టిక్‌లో ఆ సాయం ఉండదు, స్వరం పుట్టినంత సేపట్లో ఆరిపోతుంది, కాబట్టి అది ఎలా పుడుతుందన్నదే ముఖ్యం. దీనికి నాలుగు జతల తీగలు (జి, డి, ఎ, ఇ), పిక్ జతలోని రెండు తీగల్నీ ఒకే ఊపులో దాటి వెళ్ళాలి. పై తీగ మాత్రమే తగిలితే మీరు చెప్పిన టింగుటింగే.

మొదట పిక్ మార్చండి. గిటార్‌కి వాడే పల్చటి పిక్ అయితే అది వంగి తిరిగొచ్చే చప్పుడే మీకు వినిపిస్తోంది. 1.2 నుంచి 1.5 మిల్లీమీటర్ల మందం, కొన కాస్త గుండ్రంగా ఉన్నది తీసుకోండి. ఊళ్ళో దొరక్కపోతే ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి, లేదా చెన్నై వెళ్ళే వాళ్ళెవరికైనా చెప్పండి. కొన మాత్రమే తీగల్లోకి దిగాలి. పట్టు ఎంత వదులుగా ఉండాలంటే, పక్కనున్న వాళ్ళు పిక్ పట్టుకుని మెల్లగా లాగితే వచ్చేయాలి. పడిపోతుందేమోనని భయం వేస్తుంది, నిజంగానే మొదట్లో పడుతుంది కూడా, పడనివ్వండి. మణికట్టును బ్రిడ్జి (తీగల్ని మోసే చెక్క) మీద మోపకండి, శబ్దం అక్కడే చచ్చిపోతుంది. బ్రిడ్జి దగ్గర మీటితే కరుగ్గా, మెట్ల (ఫ్రెట్ల) చివరికి వచ్చి మీటితే మెత్తగా వస్తుంది, ఈ రెంటి మధ్యలో మీ వాయిద్యం ఎక్కడ బాగా పలుకుతుందో వెతుక్కోండి. ఎడమచేతి వేలు మెట్టుకి బాగా దగ్గరగా వెనక పడాలి, తర్వాతి స్వరం మోగేదాకా లేవకూడదు. చాలామంది ముందే ఎత్తేసి, స్వరాలు తెగిపోతున్నాయని పిక్‌ని తిట్టుకుంటారు.

ఇక స్పీడ్ సంగతి. సరళీ వరుసలు మూడు కాలాల్లో వాయించారు కదా, అదే ఇక్కడ పనికొస్తుంది. మొదటి కాలంలో అక్షరానికి ఒక స్వరం, అన్నీ కిందికి మీటండి. రెండో కాలంలో కింద, పైన. మూడో కాలంలో కింద, పైన, కింద, పైన. అంటే కిందికా పైకా అన్నది స్వరాన్ని బట్టి కాదు, లయలో ఆ స్వరం ఏ చోట పడిందన్న దాన్ని బట్టి తేలుతుంది. మధ్యలో స్వరం లేని చోట వచ్చినా చెయ్యి ఆగకూడదు, తీగని తాకకుండా గాలిలో అదే దిక్కుకి పోవాలి. బ్లూగ్రాస్‌లో టోన్, టైమింగ్ వేర్వేరు సమస్యలని చెప్పే వాళ్ళతో నేను ఒప్పుకోను. ఆగి ఆగి కదిలే చెయ్యి ప్రతిసారీ కొత్తగా బలం పెట్టాలి, అందుకే బిగుసుకుంటుంది, బిగుసుకున్న చేతికి శబ్దం రాదు, సమయానికి చేరనూ చేరదు. జిగ్ అనే ఐరిష్ బాణీలకి మాత్రం పద్ధతి వేరు, మూడేసి స్వరాలకి కింద-పైన-కింద అని వాయిస్తారు, అది తర్వాత చూసుకోవచ్చు. బ్లూగ్రాస్‌కి ఆద్యుడైన బిల్ మన్రో (1911–1996) వరసగా కిందికే మీటిన చోట్లు బోలెడు వింటారు, నిజమే, ఆ మోత కోసమే అలా మీటాడాయన. ముందు మీకు రెండు దిక్కులూ సమానంగా పలకనివ్వండి.

ప్రశ్న: మా కాలేజీ బ్యాండ్‌లో మాండలిన్ వాయిస్తాను. పాట సగానికి వచ్చేసరికి నేను పరిగెత్తుతున్నానని అందరూ నన్నే అంటున్నారు. పైగా నా చాప్ (తీగలన్నీ ఒక్కసారిగా మీటి వెంటనే ఆపే దెబ్బ) "టక్"మని రాదు, "జయ్"మని సాగుతుంది. స్టేజీ అంటేనే టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: టెన్షన్ పడకండమ్మా, వాళ్ళు మిమ్మల్నే అనడానికి కారణం ఉంది. ఈ సంగీతానికి పేరు తెచ్చిన బ్లూ గ్రాస్ బాయ్స్ మన్రో బృందమే, ఆ పద్ధతిలో మామూలుగా డ్రమ్స్ ఉండవు. నాలుగు దెబ్బల లెక్కలో బాస్ ఒకటి, మూడు దెబ్బల మీద పడితే మాండలిన్ చాప్ రెండు, నాలుగు మీద పడుతుంది. ఒకే రోట్లో ఇద్దరు ఎదురెదురుగా నిలబడి రోకళ్ళు వేసినట్టు. మీరు తొందరపడితే బృందమంతా మీ వెనకే పరిగెత్తాల్సిందే.

ఫోన్‌లో మెట్రోనోమ్ (టిక్కుటిక్కుమని లయ చూపేది) నిమిషానికి 50 టిక్కులకి పెట్టుకోండి. ప్రతి టిక్కునీ ఒకటి అనుకోకుండా రెండు, నాలుగు అనుకోండి, పాట 100లో నడుస్తుంది. మొదటి రోజు బుర్ర తిరుగుతుంది. అనాగతంలో, అంటే తాళం మొదలైన కాసేపటికి, కృతి ఎత్తుకునే వాళ్ళకైతే ఇది త్వరగా పట్టుబడుతుంది, మీరు పాట నేర్చుకుని ఉంటే గురువుగారి ముందు చేత్తో తాళం వేసుకుంటూ ఆ ఖాళీ చోటు పట్టుకోండి. కుదిరాక నాలుగు ఆవర్తాలు వాయించి, నాలుగు ఆవర్తాలు చెయ్యి మాత్రం గాలిలో ఆడిస్తూ ఊరుకుని, మళ్ళీ టిక్కు మీదే దిగగలరేమో చూడండి. దిగలేకపోతే మీ కాలప్రమాణం ఇంకా మెట్రోనోమ్ దగ్గరే ఉందన్నమాట. రికార్డ్ చేసుకుని వినడం తప్పనిసరి, వాయిస్తున్నప్పుడు పరుగు మనకి తెలియదు. మామూలుగా సోలో తర్వాత చాప్‌కి తిరిగొచ్చే చోటే పరుగు మొదలవుతుంది, ముందు అక్కడ వినండి.

చాప్ సాగడం ఎడమచేతి పని. ఖాళీ తీగ ఒక్కటి ఉన్నా అది మోగుతూనే ఉంటుంది, అన్నీ నొక్కిన తీగలే కావాలి. జి కార్డ్ (కలిపి మీటే స్వరాల గుంపు) చాప్‌కి లావు తీగ నుంచి 7, 5, 2, 3 మెట్లు. వేళ్ళు అంత దూరం చాచడం చాలామందికి కష్టం, కాబట్టి ఆ లావు జత వదిలేసి 5, 2, 3 పట్టుకోండి, ఎవరూ తప్పు పట్టరు. రెండు మెట్లు పైకి జరిపితే అదే ఎ అవుతుంది. మీటిన మరుక్షణం వేళ్ళు ఎత్తకుండా నొక్కు మాత్రం వదలండి. ఎత్తేస్తే తీగ మళ్ళీ మోగుతుంది, మీకు వినిపిస్తున్న "జయ్" అదే.

ప్రశ్న: మంచి టోన్ కావాలంటే మన్రో వాడిన ఎఫ్-5 లాంటిదే కొనాలా? నా దగ్గరున్నది గుండ్రటి ఎ మోడల్.
– మరో పాఠకుడు, తిరుపతి

జవాబు: అక్కర్లేదు. ఆయనది గిబ్సన్ కంపెనీ ఎఫ్-5, ఆ కంపెనీ ఇంజినీరు లాయిడ్ లోర్ సంతకంతో 1923 జూలై 9 తేదీ వేసినది. దాని ఒంటికి ఉండే చుట్టల ఆకారం అందానికి, ధర పెంచడానికే తప్ప మీ వాయింపుని మార్చదు. డబ్బు ఉంటే ముందు కొత్త తీగలు, సెటప్ (తీగల ఎత్తు, బ్రిడ్జి సరిచేయించడం). మన వైపు ఎండలకి, చేతి చెమటకి తీగలు త్వరగా మందగిస్తాయి, వాయించాక పొడి గుడ్డతో తుడవండి. బ్రిడ్జి అతికించి ఉండదు, తీగల ఒత్తిడికే నిలబడి ఉంటుంది, అందుకే తీగలన్నీ ఒకేసారి విప్పకండి, జతలు ఒకటొకటిగా మార్చండి. తర్వాత 12వ మెట్టు పైన తీగని తాకీతాకనట్టు మీటి, అదే మెట్టు నొక్కి మీటి చూడండి. నొక్కినది శ్రుతి హెచ్చుగా ఉంటే బ్రిడ్జిని కాస్త వెనక్కి (మెట్లకి దూరంగా), తగ్గుగా ఉంటే కాస్త ముందుకి (మెట్ల వైపు) జరపండి, జరిపేముందు తీగలు కొంచెం వదులు చేసుకోండి.