గ్రహాలు ఎందుకు గుద్దుకోవు? మీ పాప డౌట్‌కి సమాధానం

అన్నా, ఆర్కే బీచ్‌లో శుక్రుణ్ణి చూపిస్తే మీ పాప "సూర్యుడు అన్నిట్నీ లాగుతుంటే ఇవి అందులో పడిపోవా, ఒకదాన్నొకటి గుద్దుకోవా" అని అడిగిందన్నావు కదా, చాలా మంచి డౌట్ అది.

అసలు భూమి పడుతూనే ఉంది, సెకనుకి సుమారు 3 మిల్లీమీటర్లు సూర్యుడి వైపు పడుతుంది, కానీ అదే సెకనులో పక్కకి 30 కిలోమీటర్లు వెళ్ళిపోతుంది, అందుకే ఎంత పడినా సూర్యుడికి తగలదు. కైలాసగిరి మీంచి సముద్రం వైపు రాయి విసిరావనుకో, ఎంత స్పీడుగా విసిరితే అంత దూరం పోయి పడుతుంది, అదే గాలి అడ్డం లేకుండా సెకనుకి 8 కిలోమీటర్ల స్పీడుతో విసిరితే ఇంక కింద పడదు, భూమి చుట్టూ తిరిగేస్తుంది. పాపకి ఇలాగే చెప్పు.

ఇంక గుద్దుకోకపోవడం అంటావా, మెయిన్‌గా దూరాలే కారణం, అన్నిటికన్నా దగ్గరకొచ్చే శుక్రుడే బాగా దగ్గరకొచ్చినప్పుడు కూడా మనకి దాదాపు 4 కోట్ల కిలోమీటర్ల అవతల ఉంటాడు. నాకు భలే నచ్చేది ప్లూటో, 1979 నుంచి 1999 దాకా నెప్ట్యూన్ కంటే లోపలికొచ్చి తిరిగింది, అయినా ఏం కాలేదు, ఎందుకంటే నెప్ట్యూన్ 3 రౌండ్లు వేసేసరికి ప్లూటో 2 వేస్తుంది, అది లోపలికొచ్చే టైముకి నెప్ట్యూన్ ఎప్పుడూ ఎక్కడో దూరంగానే ఉంటుంది.

మొదట్లో మాత్రం బోల్డన్ని గుద్దుకున్నాయి, చంద్రుడు అలా పుట్టినవాడే అని ఎక్కువమంది సైంటిస్టులు అంటారు. ఇప్పుడు కూడా ఫుల్ గ్యారంటీ ఏం లేదు, 2009లో ఫ్రాన్స్ వాళ్ళు కంప్యూటర్‌లో 500 కోట్ల ఏళ్ళు ముందుకి లెక్కేస్తే నూటికి ఒక కేసులో బుధుడి దారి బాగా చెడిపోయింది.