బీడీఎస్ చదివి పాలసీ రీసెర్చ్‌లోకా?

ప్రశ్న: మా అమ్మాయి బీడీఎస్ పూర్తి చేసింది. ఎండీఎస్‌కి ప్రిపేర్ అవమంటే వినడం లేదు. ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) చేసి, ఏదైనా ఆస్పత్రిలో హెల్త్ పాలసీ రీసెర్చ్ చేస్తానంటోంది. రోగుల్ని చూడకుండా ఆస్పత్రిలో పనేముంటుంది? పాలసీలు చేసేది ప్రభుత్వం కదా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. – ఒక తండ్రి, తణుకు

జవాబు: మీ రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. జీవో ఇచ్చేది ప్రభుత్వమే. కానీ అందులో ఏం ఉండాలో తేలాలంటే ముందు ఎవరో ఒకరు ఊళ్లు తిరిగి లెక్క తీయాలి. అలా లెక్క తీసినవాళ్లు ఒకప్పుడు మీ జిల్లాకూ వచ్చారు.

హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి 1996 నుంచి 2000 వరకు ఒక పెద్ద సర్వే చేసింది. హైదరాబాద్ నగరంతో పాటు పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో 10,293 మంది కళ్లు పరీక్షించారు. ఓపీకి వచ్చినవాళ్లను కాదు, ఇళ్లకు వెళ్లి ఎంపిక చేసినవాళ్లను. అసలు సంగతంతా ఇక్కడే ఉంది. ఆస్పత్రి రికార్డుల్లో వచ్చినవాళ్లే కనిపిస్తారు, రానివాళ్ల గురించి ఒక్క ముక్కా ఉండదు. నూటికి 1.84 మందికి చూపు లేదని తేలింది. అందులో 44 శాతానికి కారణం శుక్లం, మరో 16 శాతానికి దృష్టి దోషం. అంటే సగానికి పైగా ఆపరేషన్‌తోనో కళ్లద్దాలతోనో బాగయ్యేవే! ఆపరేషన్ అయినా చూపు సరిగా రానివాళ్లు కూడా ఆ సర్వేలో బయటపడ్డారు. ఎన్ని ఆపరేషన్లు చేశామన్న టార్గెట్ ఒక్కటే చూసుకుంటే ఈ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు.

ఊళ్లలో ఆ ఆస్పత్రి పెట్టిన విజన్ సెంటర్ల వెనుక ఇలాంటి లెక్కలున్నాయి. సుమారు 50 వేల జనాభాకు ఒక సెంటర్. అక్కడ కూర్చునేది డాక్టరు కాదు, ఏడాది శిక్షణ తీసుకున్న స్థానిక యువతీయువకులు. కళ్లు పరీక్షించి అద్దాలిస్తారు, ఆపరేషన్ అవసరమైతే పై ఆస్పత్రికి పంపుతారు.

పళ్ల డాక్టరుకు ఇందులో చోటేదంటారా? శ్రీకాకుళం, విశాఖ వైపు ఆడవాళ్లు చుట్ట నిప్పును నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు గురించి వినే ఉంటారు. అంగిట్లో క్యాన్సర్ తెస్తుంది. క్లినిక్‌లో కూర్చున్న డాక్టరు పుండు ముదిరాక చూస్తారు. 30 ఏళ్లు దాటినవాళ్లకు నోటి క్యాన్సర్ స్క్రీనింగ్ జాతీయ కార్యక్రమంలో ఉంది. కానీ ఏఎన్ఎం టార్చిలైటు వేసి నిజంగా ఎన్ని నోళ్లు చూసింది? అనుమానం ఉన్నవాళ్లలో ఎంతమంది ఆస్పత్రి దాకా వెళ్లారు, మిగతావాళ్లు బస్సు ఖర్చుకు ఆగారా, భయానికి ఆగారా? మీ అమ్మాయి అడగబోయే ప్రశ్నలు ఇలాంటివి.

ఇక కష్టం సంగతి. చాలా కార్పొరేట్ ఆస్పత్రుల్లో ఇలాంటి విభాగమే ఉండదు. అక్కడ దొరికేది ఎక్కువగా క్వాలిటీ ఫైళ్ల పని, దానికి హాస్పిటల్ మేనేజ్‌మెంట్ కోర్సు చాలు. పరిశోధన ఉన్నచోట మొదటి ఉద్యోగం సాధారణంగా ప్రాజెక్టు మీద, కాంట్రాక్టు పద్ధతిలో ఉంటుంది. గ్రాంటు అయిపోతే ఉద్యోగమూ అయిపోవచ్చు. నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయి ఎండలో ప్రశ్నావళి పట్టుకుని మూడు నెలలు తిరిగి, “సార్, నా వల్ల కాదు” అని క్లినిక్ పెట్టుకున్నాడు. హాయిగా ఉన్నాడు. అది తప్పేం కాదు.

చదువుకు హైదరాబాద్‌లో ఐఐపీహెచ్ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్), సెంట్రల్ యూనివర్సిటీ, ముంబయిలో టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్), తిరువనంతపురం శ్రీ చిత్ర వైద్య సంస్థలోని అచ్యుత మీనన్ సెంటర్ చూడండి. అర్హతలు ఈ ఏడాది నోటిఫికేషన్‌లో సరిచూసుకోండి. ఎంపీహెచ్ బోర్డు పెట్టిన ప్రతి కాలేజీనీ నమ్మొద్దు. బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య గణాంకాలు) ఎవరు చెబుతారు, ఫీల్డ్ పని ఎన్ని వారాలు అని ఫోన్ చేసి అడగండి, నసిగితే వదిలేయండి.

ఫీజు కట్టేముందు రెండు నెలలు ఏదైనా సర్వేలో పని చేసి రమ్మనండి. పళ్ల పని విసుగొచ్చి వెళ్తోందా, ఈ పని ఇష్టపడి వెళ్తోందా అన్నది అప్పటికి ఆమెకే తెలుస్తుంది. డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ మాత్రం రెన్యువల్ చేయించుకుంటూ ఉండమనండి.