జీతాల్లో కోతకు ముందు ఓవర్‌టైమ్ లెక్క చూడండి

ప్రశ్న: మాది 40 మంది పనిచేసే చిన్న తయారీ సంస్థ. రెండేళ్లుగా అమ్మకాలకన్నా జీతాల ఖర్చు వేగంగా పెరుగుతోంది. ప్రతి నెలా జీతాల లెక్క తేల్చడానికి మా అకౌంటెంట్‌కు నాలుగు రోజులు పడుతోంది, అయినా తప్పులు దొర్లుతున్నాయి. అందరి జీతాల్లో 10 శాతం కోత పెడదామని నా భాగస్వామి అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: కోత ఆలోచనను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. అందరికీ ఒకే కోత పెడితే ముందుగా మానేసేది బయట సులువుగా పని దొరికేవారే, అంటే మీకు బాగా అవసరమైనవారే. వారి స్థానంలో మరొకరిని వెతికి, పని నేర్పి, చేయి తిరిగేదాకా జీతమిస్తూ వేచి చూడటానికి అయ్యే ఖర్చు కోతతో మిగిలిన దాన్ని మింగేయవచ్చు.

1913లో హెన్రీ ఫోర్డ్ కార్ల కర్మాగారానికి ఇదే సమస్య. ఏడాదిలో మానేసినవారి సంఖ్య మొత్తం సిబ్బందికి మూడు రెట్లు దాటింది. 1914 జనవరిలో ఆయన లాభాల్లో వాటాతో కలిపి రోజుకు 5 డాలర్లు ప్రకటించారు. అంతకుముందు ఇస్తున్నదానికి అది దాదాపు రెట్టింపు. పనివేళలనూ 9 గంటల నుంచి 8కి తగ్గించారు. మానేసేవారి సంఖ్య బాగా పడిపోయింది. మిమ్మల్ని జీతాలు రెట్టింపు చేయమనడం లేదు. ఒక మనిషికిచ్చే జీతం వేరు, తయారైన ఒక్కో వస్తువు మీద పడే జీతాల ఖర్చు వేరు. మీరు అదుపు చేయాల్సింది రెండోదాన్ని.

గత 12 నెలల జీతాల పట్టీలు ముందేసుకుని మూలవేతనం, భత్యాలు, ఓవర్‌టైమ్ విడదీసి చూడండి. మీరు ఓవర్‌టైమ్ ప్రస్తావించలేదు గానీ, నేనైతే ముందు అక్కడే వెతుకుతాను. దానికి ఒకటిన్నర రెట్లు ఇస్తున్నారనుకుందాం. నలుగురు వారానికి 10 గంటల చొప్పున అదనంగా పనిచేస్తే, 40 గంటల పనికి 60 గంటల జీతం ఇస్తున్నట్టు. ఇది ఏడాది పొడవునా సాగుతుంటే మరొకరిని తీసుకోవడమే చౌక. అయితే ఆ కొత్త మనిషికి జీతం కాక అయ్యే సెలవులు, బీమా వంటి ఖర్చులన్నీ కలిపినా ఆ జీతంలో సగం దాటకూడదు. రద్దీ నెలలకే పరిమితమైతే ఓవర్‌టైమే మేలు. ఓవర్‌టైమ్‌కు ముందస్తు అనుమతి ఉండాలన్న నియమం పెట్టండి. చేసిన పనికి మాత్రం డబ్బు ఆపవద్దు.

ఇక ఆ నాలుగు రోజుల సంగతి. జాప్యం సాధారణంగా అకౌంటెంట్ దగ్గర ఉండదు. హాజరు, సెలవుల వివరాలు ఆలస్యంగా, తలా ఒక రకంగా రావడం వల్లే అన్నీ మళ్లీ సరిచూడాల్సి వస్తుంది. నెలలో ఒక తేదీ ఖాయం చేయండి. ఆ తర్వాత వచ్చే మార్పులు వచ్చే నెల లెక్కలోకే వెళ్తాయి. సాఫ్ట్‌వేర్ కొంటే రెండు నెలలపాటు పాత పద్ధతినీ పక్కనే నడిపి, రెండు లెక్కలూ చివరి అంకె వరకు సరిపోలాకే పాతది మానండి. జీతాల పట్టీలో పేర్లు చేర్చేవారే డబ్బు విడుదల చేసే పద్ధతి ఉంటే ఈ నెలే మార్చండి. లేని మనిషి పేరిట జీతం వెళ్లడానికి దారి అదే. ఇది మీ అకౌంటెంట్‌ను అనుమానించడం కాదు, ఆయన మీద రేపు నింద పడకుండా కాపాడటం కూడా.

ఇవన్నీ చేశాక కూడా కోత తప్పకపోతే మీ ఇద్దరు భాగస్వాములు తీసుకునే మొత్తంతో మొదలుపెట్టండి. తర్వాత సిబ్బందికి లెక్కలు చూపించి, మీ ప్రాంతపు కార్మిక చట్టం తెలిసినవారిని సంప్రదించి, సిబ్బంది సమ్మతితో పనిగంటలు, వాటికి తగ్గట్టు జీతం తగ్గించండి. పాత జీతం ఏ నెల నుంచి తిరిగి ఇస్తారో రాతపూర్వకంగా ఇవ్వండి.