చదువుకోవాలన్న ఆశ మంచిదే, ఆ లోను మాత్రం వద్దు

సమస్య: మేము టెక్సస్‌లో ఉంటాం. నాకు 33 ఏళ్లు, ఊళ్లో బీఎస్సీ చేశాను. బాబుకి ఆరేళ్లు. ఈ మధ్యే నాకు హెచ్-4 ఈఏడీ (హెచ్-1బీ వీసా మీద ఉన్నవారి భార్యగా ఇక్కడ పనిచేసుకోవడానికి ఇచ్చే అనుమతి కార్డు) వచ్చింది. కిందటేడు అత్తయ్య మా దగ్గర ఆరు నెలలు ఉన్నారు. రోజూ ఆవిడ బీపీ చూసి గోడ క్యాలెండర్ మీద రాసేదాన్ని. ఆ అంకెలు చూసే డాక్టరు మందు మార్చారు. అప్పటినుంచి ఇలాంటి పనే చేయాలని ఉంది. దగ్గర్లోని ఓ ప్రైవేటు కెరీర్ కాలేజీలో మెడికల్ అసిస్టెంట్ (క్లినిక్‌లో డాక్టరుకు సాయంగా ఉండే ఉద్యోగి) సర్టిఫికెట్ కోర్సు ఉంది. 9 నెలలు, 18,000 డాలర్లు. ప్రైవేటు లోను 12 శాతం వడ్డీకి ఇస్తారట, పదేళ్లలో తీర్చాలి. మా ఆయన కో-సైన్ (నేను కట్టలేకపోతే తాను కడతానని హామీ సంతకం) చేయనన్నారు. "ఇప్పుడు నీకేం తక్కువైందని ఉద్యోగం?" అన్నారు. న్యూజెర్సీలో ఉన్న మా అక్కవాళ్లాయన, బావగారు, తాను చేస్తానంటున్నారు. శుక్రవారంలోగా సంతకం పెట్టాలని కాలేజీ వాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు శుక్రవారం సంగతి. సంతకం పెట్టకండి. ఈ కోర్సులో చేరడానికి వచ్చే నెలలో కూడా ఫీజు కట్టించుకుంటారు, ఆ పై నెలలో కూడా కట్టించుకుంటారు.

ఇప్పుడు కాగితం, పెన్ను తీసుకోండి. 18,000 డాలర్లు, 12 శాతం వడ్డీ, పదేళ్లు అంటే నెలకు దాదాపు 258 డాలర్ల వాయిదా. మొత్తం మీద మీరు కట్టేది 31,000 దాకా తేలుతుంది. అమెరికా కార్మిక శాఖ లెక్క ప్రకారం 2024లో మెడికల్ అసిస్టెంట్ల మధ్యస్థ జీతం (సగం మందికి ఇంతకంటే ఎక్కువ, సగం మందికి తక్కువ) ఏడాదికి 44,200 డాలర్లు. కాలేజీ వాళ్లు మీకు చూపించేది ఇలాంటి అంకే అయి ఉంటుంది. కానీ అందులో పదిహేనేళ్లుగా పనిచేస్తున్నవాళ్లూ ఉన్నారు. కొత్తగా చేరిన మీకు గంటకు 17 ఇచ్చారనుకుందాం. ఏడాదంతా ఫుల్‌టైమ్ చేస్తే 35,360, అదీ పన్నులు కట్ కాకముందు. ఇలాంటి కోర్సులు అప్పుకు తగ్గ సంపాదన ఇస్తున్నాయో లేదో చూడటానికి అక్కడి విద్యాశాఖ 2023లో తెచ్చిన నిబంధనల్లో ఒక కొలత, ఏడాది వాయిదాలు ఏడాది సంపాదనలో 8 శాతం దాటకూడదని. మీ లెక్కలో 8 శాతమంటే 2,829. మీరు కట్టాల్సింది 3,099. పైగా స్కూలు వదిలాక బాబుని ఎక్కడ ఉంచుతారు? ఆ ఫీజు కూడా ఈ జీతంలోంచే పోవాలి.

నన్ను ఎక్కువ భయపెడుతున్నది ఇంకొకటి. హెచ్-4 మీద ఉన్నవాళ్లకు ఫెడరల్ లోను, అంటే అమెరికా ప్రభుత్వమిచ్చే చదువు అప్పు, రాదు, అందుకే మిమ్మల్ని ప్రైవేటు లోనువైపు నడిపిస్తున్నారు. జీతాన్ని బట్టి వాయిదా తగ్గించుకునే ఫెడరల్ పథకాలు దానికి వర్తించవు. మీ ఈఏడీ మీ వారి వీసా హోదాతో ముడిపడి ఉంది. రెన్యువల్‌కి అప్లై చేస్తే కార్డు దానంతటదే పొడిగింపు అయ్యే వీలు 2025 అక్టోబరు 30 నుంచి ఆపేశారు. కొత్త కార్డు ఆలస్యమైతే పని మానేసి ఇంట్లో కూర్చోవాలి, వాయిదా మాత్రం కట్టాల్సిందే. మీరు కట్టలేకపోతే వాళ్లు పట్టుకునేది బావగారిని. అప్పుడు నలిగిపోయేది మీ అక్క.

కాలేజీ మూతపడితే? 2015 ఏప్రిల్‌లో కొరింథియన్ కాలేజెస్ అనే ప్రైవేటు కాలేజీల సంస్థ మూతపడింది. వాళ్లూ మెడికల్ అసిస్టెంట్ కోర్సులు నడిపినవాళ్లే. అక్కడ చదివిన 5,60,000 మంది అప్పులు, 580 కోట్ల డాలర్లు, రద్దు చేస్తామని ప్రభుత్వం ప్రకటించేసరికి 2022 వచ్చింది. అవి ఫెడరల్ అప్పులు. మీది కాదు.

అయితే ఈ పని మీకు వద్దని నేను అనడం లేదు. మీ జిల్లాలో ప్రభుత్వ నిధులతో నడిచే కమ్యూనిటీ కాలేజీకి వెళ్లి ఇదే సర్టిఫికెట్ ఫీజు ఎంతో కనుక్కోండి, హెచ్-4 వాళ్లకు స్థానికుల ఫీజు వర్తిస్తుందా అని కూడా అడగండి. సాధారణంగా ప్రైవేటు వాళ్లు అడిగేదాంట్లో చిన్న భాగంతో అయిపోతుంది. చేరేముందు ఆ కోర్సుకు సీఏఏహెచ్‌ఈపీ గానీ ఏబీహెచ్‌ఈఎస్ గానీ (వైద్యరంగ కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థలు) గుర్తింపు ఉందేమో చూడండి. సీఎంఏ (సర్టిఫైడ్ మెడికల్ అసిస్టెంట్) పరీక్ష రాయాలంటే సాధారణంగా అది కావాలి. విద్యాశాఖ వారి 'కాలేజ్ స్కోర్‌కార్డ్' సైట్లో కాలేజీ పేరు కొడితే చాలా కోర్సులకు చదివినవాళ్ల అప్పు, సంపాదన కనిపిస్తాయి. మీకు ఫోన్ చేస్తున్న కాలేజీ పేరు కూడా కొట్టి చూడండి.

బాబుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినప్పుడు బరువు చూసి, జ్వరం చూసి, కంప్యూటర్లో ఎక్కించే అమ్మాయి ఉంటుంది కదా, చాలాచోట్ల ఆమే మెడికల్ అసిస్టెంట్. ఎక్కడ చదివావు, చేరినప్పుడు ఎంత ఇచ్చారు అని నెమ్మదిగా అడగండి. ఆ క్లినిక్ మేనేజర్‌ని కూడా, ఏ సర్టిఫికెట్ ఉన్నవాళ్లను తీసుకుంటారని అడగండి. కొన్ని క్లినిక్‌లు చేర్చుకుని నేర్పిస్తాయి కూడా. ఏడాది పర్యవేక్షణలో పనిచేసిన అనుభవంతో రాయగలిగే సీసీఎంఏ (సర్టిఫైడ్ క్లినికల్ మెడికల్ అసిస్టెంట్) అనే మరో పరీక్ష ఉంది. ఆ దారి దొరికితే అప్పే అక్కర్లేదు. మీ బీఎస్సీని కూడా వదిలేయకండి. డిగ్రీ ఇవాల్యుయేషన్ చేయిస్తే అమెరికా లెక్కలో దాని విలువ ఎంతో తెలుస్తుంది, ల్యాబ్ వైపు వెళ్లే దారి ఉందేమో కూడా చూడొచ్చు.

ఇక మీవారి మాట. సంతకం పెట్టననడంలో ఆయన తప్పు లేదు, డబ్బు లెక్క ఆయనవైపే ఉంది. కానీ "నీకేం తక్కువైంది" అన్నమాట వేరు, అది మిమ్మల్ని నొప్పించింది, నొప్పించే మాటే. ఈ రెండూ కలిసిపోయి లోను కోసం పట్టుబట్టడమే మీ ఆశకోసం పట్టుబట్టడంగా మారిపోయిందని నాకనిపిస్తోంది. విడదీయండి. లోను వద్దనుకున్నానని ముందు మీరే చెప్పండి. ఆయన భుజాలు కాస్త తేలికపడతాయి. ఆ తర్వాత ఉద్యోగం సంగతి తీయండి. బావగారితో ఆయనకు తెలియకుండా ఏ సంతకమూ పెట్టించకండి. తర్వాత తెలిస్తే కోర్సు మాట పక్కకు పోయి, మీరు దాచిపెట్టిన సంగతే మిగులుతుంది.

పాత క్యాలెండర్ పారేసి ఉండరనుకుంటాను. మీవారి అమ్మగారి బీపీ ఆరు నెలలపాటు రోజూ ఉదయం ఎవరు చూశారో దాంట్లో ఉంది. ఉద్యోగం సంగతి తీసే రోజు అది ఆయన ముందు పెట్టి, పక్కనే కమ్యూనిటీ కాలేజీ ఫీజు కాగితం కూడా పెట్టి మాట్లాడండి.